కాఫీ పొడి డబ్బా మూత పెట్టండి

కుక్క గోరు విరిగి నెత్తురు కారిందంటే మన ఇళ్లలో ముందు తెరుచుకునేది కాఫీ పొడి డబ్బా. పోయిన ఆదివారం మా పైవాటాలో అదే జరిగింది. బాల్కనీ జాలీలో ఇరుక్కుని లాబ్రడార్ ముందుకాలి గోరు నిలువునా చీలింది. తెల్లటి టైల్స్ నిండా ఎర్రటి అడుగులు. నేను మెట్లెక్కి వెళ్లేసరికి ఇంటాయన గుప్పెడు కాఫీ పొడి అద్దుతున్నాడు, పక్కింటావిడ పసుపు కూడా వెయ్యమంటోంది, కుర్రాడు వీడియో తీస్తున్నాడు. కుక్క మాత్రం అద్దింది అద్దినట్టు నాకేస్తోంది.

పుండు నాకని కుక్కను ఎక్కడన్నా చూశారా? కాఫీలోని కెఫీన్ దానికి విషమండీ! గుండె దడ, వణుకు, ఎక్కువైతే ఫిట్స్. ముక్కుపొడి పెట్టే పెద్దమనుషులకూ ఓ దండం, నికోటిన్ కూడా విషమే.

గోరు లోపల నెత్తురూ నరమూ ఉన్న మెత్తటి కండ ఉంటుంది. తెల్లగోట్లో గులాబీ రంగున కనబడుతుంది, నల్లగోట్లో అదీ కనబడదు. అది తెగితే కావలసింది మీ వంటిల్లు కాదు, మీ బొటనవేలు. ముందు మెత్తటి గుడ్డతో, ఊపిరాడేలా మూతి కట్టండి. మీ ఒళ్లో పెరిగిందైనా నొప్పికి కరుస్తుంది. తర్వాత శుభ్రమైన గుడ్డ పెట్టి అదిమి పట్టుకోండి. దూది వద్దు, అంటుకుపోతుంది. పది నిమిషాలు. మధ్యలో గుడ్డ ఎత్తి ‘ఆగిందా?’ అని చూడకుండా! మనవాళ్లకు చేతకానిది ఈ ఒక్కటే. అరనిమిషానికోసారి ఎత్తి చూసి, అప్పుడే గడ్డకట్టిన నెత్తుర్ని మళ్లీ పెరికేస్తారు. అప్పటికీ ఆగకపోతే గోటి కొసకు కాస్త కార్న్‌ఫ్లోర్ అద్ది మళ్లీ అదమండి. ఇంకా కారుతుంటే పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

వేలాడే ముక్కను పుటుక్కున లాగేద్దామనే వీరుడు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒకడుంటాడు. ముందు వాడి గోరు లాగాలి. ఆ పని మత్తిచ్చి డాక్టరు చెయ్యాల్సింది. పాపం నొప్పని తన ఇబుప్రొఫెన్ మాత్ర మింగించే దయామయుడు ఇంకొకడు. ఆ దయకు కుక్క కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి.

అసలు గోరు జాలీలో ఇరుక్కునేంత ఎందుకు పెరిగింది? వీధికుక్కకైతే రోడ్డే అరగదీస్తుంది. వేలు పోసి కొన్న కుక్క నున్నటి టైల్స్ మీద తిరుగుతుంటే ఎలా అరుగుతుంది? నడిచినప్పుడు టక్ టక్‌మని చప్పుడొస్తే గోళ్లు పెరిగినట్టే లెక్క. ఆర్నెల్లుగా ఆ టక్ టక్ మా కప్పు మీద వింటూనే ఉన్నాను. విసుక్కుని ఫ్యాను పెంచుకున్నానే గానీ, పైకెళ్లి ఒక్క మాట చెప్పలేదు.