అప్పు ఆమె పేరున, ఖర్చు ఎవరిది?

1992లో దూబగుంట నుంచి సారాపై పోరు సాగించిన నెల్లూరు జిల్లా మహిళలే ఆ తర్వాత రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. పల్లె ఆడవాళ్లకు డ్వాక్రా పొదుపు సంఘంపై ఉన్న నమ్మకం అలాంటి రూపాయిల్లోంచి వచ్చిందే తప్ప అప్పు మీద మోజుతో కాదు. చాప మీద గుండ్రంగా కూర్చుని, ఎవరెంత కట్టారో తీర్మానాల పుస్తకంలో రాయించి సంతకం పెట్టే అలవాటుతో బ్యాంకు మేనేజరంటే బెరుకు పోయింది. వారం వారం గుమ్మంలోకొచ్చి వాయిదాలు వసూలు చేసిన సూక్ష్మరుణ సంస్థల తీరు వేరు. ఆ ఒత్తిడికి ప్రాణాలు పోయాకే 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. రెండింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. అయితే సంఘంలోనూ రుణం తీసుకునేది భార్య, వాడేది భర్త అయిన ఇళ్లున్నాయి. కట్టలేనప్పుడు తోటి సభ్యుల మాటలు పడేది ఆమే. రికవరీ శాతాలు అడిగే అధికారులు ఆ సొమ్ము ఎవరు వాడారో కూడా అడగాలి.