నాలుగేళ్ల క్రితం కొన్న కంపెనీ వెనక్కి ఇచ్చేయాలా? దివాలా చట్టంపై సుప్రీం తీర్పుల్లో అసలు ట్విస్ట్ ఇదే..

వేలంలో ఇల్లు కొన్నారు. డబ్బు మొత్తం కట్టేశారు. రిపేర్లు చేయించి, పైన ఇంకో అంతస్తు కూడా వేశారు. నాలుగేళ్ల తర్వాత కోర్టు నుంచి కబురు వచ్చింది.. అసలు ఆ వేలమే చెల్లదు, ఇల్లు అప్పగించండి అని. ఎలా ఉంటుంది?

2025 మే 2న జేఎస్‌డబ్ల్యూ స్టీల్‌కు దాదాపు ఇదే జరిగింది. ఇల్లు స్థానంలో ఉన్నది ఒడిశాలోని ఝార్సుగూడలో నడుస్తున్న భూషణ్ పవర్ అండ్ స్టీల్. బ్యాంకులకు కట్టిన డబ్బు రూ.19,350 కోట్లు. ఆ కొనుగోలు చెల్లదని, కంపెనీని లిక్విడేషన్‌కు పంపాలని, అంటే ఆస్తులు అమ్మి మూసేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఒక్కరోజే జేఎస్‌డబ్ల్యూ షేరు 5 శాతానికి పైగా పడిపోయింది.

ఐదు నెలలు తిరక్కుండానే అదే సుప్రీంకోర్టు ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. సెప్టెంబర్ 26న కొనుగోలు సక్రమమేనని తేల్చేసింది. మధ్యలో ఏం జరిగింది? ఇది ఒక్క ఉక్కు కంపెనీ గొడవేనా?

అసలు కేసేంటి?

దివాలా చట్టం, అంటే ఐబీసీ, 2016లో వచ్చింది. అప్పు తీర్చలేని కంపెనీని ఎన్‌సీఎల్‌టీకి తీసుకెళ్తారు. యాజమాన్యాన్ని పక్కనపెట్టి రిజల్యూషన్ ప్రొఫెషనల్‌ను కూర్చోబెడతారు. అప్పిచ్చిన బ్యాంకుల కమిటీ కొత్త కొనుగోలుదారును ఎంచుకుంటుంది. ఇదంతా 180 రోజుల్లో, కుదరకపోతే ఇంకో 90 రోజుల్లో అయిపోవాలి. కోర్టు కేసులతో కలిపి 330 రోజులు దాటకూడదని 2019లో సవరణ కూడా చేశారు.

2017 జూన్‌లో ఆర్బీఐ 12 భారీ బకాయిదారులను గుర్తించి వాటిని దివాలా ప్రక్రియకు పంపించింది. అందులో హైదరాబాద్ కంపెనీ ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ ఒకటి, భూషణ్ పవర్ ఇంకొకటి. ల్యాంకోకు సరైన కొనుగోలుదారు దొరకలేదు. 2018 ఆగస్టులో హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీ లిక్విడేషన్‌కు ఆదేశించింది. భూషణ్‌కు మాత్రం జేఎస్‌డబ్ల్యూ దొరికింది. బ్యాంకులు, ఆర్థిక సంస్థలకు రావాల్సింది రూ.47 వేల కోట్లకు పైగా. వచ్చింది రూ.19,350 కోట్లు, అంటే వంద రూపాయలకు 41. మిగతాది వదులుకోవాల్సిందే. అయినా ల్యాంకోతో పోలిస్తే ఇది చాలా మంచి బేరం.

2019 సెప్టెంబర్‌లో ఎన్‌సీఎల్‌టీ ఆమోదించింది. నెల దాటగానే ఈడీ రంగంలోకి దిగింది. పాత యజమానులపై ఉన్న మనీలాండరింగ్ కేసులో కంపెనీకి చెందిన రూ.4,025 కోట్ల ఆస్తులను అటాచ్ చేసింది. పాత ఓనర్ తప్పుకు కొత్త ఓనర్ ఆస్తి పట్టుకోవడమేంటన్న ప్రశ్న వచ్చింది. దాంతో కేంద్రం అదే ఏడాది డిసెంబర్‌లో ఆర్డినెన్స్ తెచ్చి, కొత్త యజమానికి రక్షణ కల్పిస్తూ చట్టంలో 32ఏ సెక్షన్ చేర్చింది. 2020 ఫిబ్రవరిలో అప్పీలేట్ ట్రిబ్యునల్ కూడా ఓకే చెప్పింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అది పెండింగ్‌లో ఉండగానే 2021 మార్చిలో జేఎస్‌డబ్ల్యూ డబ్బు కట్టి కంపెనీని చేతిలోకి తీసుకుంది.

మే తీర్పు గాలిలోంచి ఊడిపడలేదు

సోషల్ మీడియాలో చాలామంది మే తీర్పును కొట్టిపారేశారు గానీ, అందులో లేవనెత్తిన ప్రశ్నలు ఉత్తవి కావు. ప్లాన్ ఆమోదం పొందాక డబ్బు కట్టడానికి ఏడాదిన్నర ఎందుకు పట్టింది? ఈక్విటీ పెడతామని చెప్పి కన్వర్టబుల్ డిబెంచర్లు ఎందుకు వాడారు? గడువులు దాటిపోతుంటే రిజల్యూషన్ ప్రొఫెషనల్, బ్యాంకుల కమిటీ ఏం చేస్తున్నట్టు? అప్పట్లో ధర్మాసనంలో జస్టిస్ బేలా త్రివేది, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ ఉన్నారు.

సమస్య ప్రశ్నల్లో లేదు, మందులో ఉంది. నష్టాల్లోంచి లేచి నడుస్తున్న ఫ్యాక్టరీని మూసేయమంటే ఎవరికి లాభం? బ్యాంకులు తీసుకున్న వేల కోట్లు వెనక్కి ఇవ్వాలి. అందులో ప్రభుత్వ బ్యాంకుల వాటా పెద్దది, అంటే సామాన్యుల డిపాజిట్ల డబ్బే. ఉద్యోగులు రోడ్డున పడతారు. విచిత్రం ఏంటంటే, ఈ కేసు సుప్రీంలో నడిచింది కళ్యాణి ట్రాన్స్‌కో అనే కంపెనీ పేరు మీద. ఇలాంటి సరఫరాదారులను చట్టం 'ఆపరేషనల్ క్రెడిటర్లు' అంటుంది. లిక్విడేషన్‌లో వీళ్ల వరుస బ్యాంకుల వెనక ఎక్కడో ఉంటుంది. చాలా కేసుల్లో వీళ్ల దాకా వచ్చేసరికి గిన్నె ఖాళీ.

మే 26న సుప్రీంకోర్టు లిక్విడేషన్‌పై యథాతథ స్థితి విధించింది. జులై 31న రివ్యూలో పాత తీర్పును రీకాల్ చేసింది. అప్పటికి జస్టిస్ త్రివేది రిటైరయ్యారు. జస్టిస్ శర్మ మాత్రం మే ధర్మాసనంలోనూ, రీకాల్ చేసిన ధర్మాసనంలోనూ, సెప్టెంబర్‌లో తుది తీర్పు ఇచ్చిన సీజేఐ బీఆర్ గవాయ్ ధర్మాసనంలోనూ ఉన్నారు. మూడో జడ్జి జస్టిస్ కె.వినోద్ చంద్రన్.

సెప్టెంబర్ తీర్పు సారం సూటిగా ఉంది. ఆలస్యానికి ఈడీ అటాచ్‌మెంట్, పెండింగ్ కేసులే కారణం, జేఎస్‌డబ్ల్యూను తప్పుపట్టలేం. ఆమోదం పొందిన ప్లాన్‌ను ఇన్నేళ్ల తర్వాత మళ్లీ తెరవలేం. ఇంకో విషయం కూడా తేలింది. దివాలా ప్రక్రియ నడిచిన కాలంలో కంపెనీ సంపాదించిన నిర్వహణ లాభం తమకే రావాలని రుణదాతల కమిటీ అడిగింది. ప్లాన్‌లో రాసుకోనిది ఇప్పుడు అడగడం కుదరదని కోర్టు చెప్పేసింది. గెలిచిన ఒప్పందంలోనే ఇంకాస్త పిండుకుందామనుకున్న బ్యాంకులకు ఇది చెంపపెట్టే.

మరి జెట్ ఎయిర్‌వేస్‌ను ఎందుకు మూసేశారు?

కొనేవాళ్లు ఏం చేసినా కోర్టు చూసీచూడనట్టు వదిలేస్తుందని దీనర్థం కాదు. 2024 నవంబర్ 7న జెట్ ఎయిర్‌వేస్ కేసులో సుప్రీంకోర్టు ఆర్టికల్ 142 కింద ఉన్న ప్రత్యేక అధికారంతో లిక్విడేషన్‌కు ఆదేశించింది. అక్కడ జలాన్-కాల్‌రాక్ కన్సార్షియం ప్లాన్‌కు 2021లోనే ఆమోదం వచ్చింది. కానీ మొదటి విడత రూ.350 కోట్లు కూడా పూర్తిగా కట్టలేదు. వాణిజ్య విమాన సర్వీసు ఒక్కటీ మొదలవలేదు. అప్పటికే కట్టిన రూ.200 కోట్లు జప్తయ్యాయి. భూషణ్‌లో ఆలస్యమైనా డబ్బు వచ్చింది, ఫ్యాక్టరీ నడిచింది. రెండు కేసుల తేడా అక్కడే ఉంది.

హైదరాబాద్, భువనగిరిలో గాజు సీసాల ప్లాంట్లున్న ఏజీఐ గ్రీన్‌ప్యాక్ సంగతి మాత్రం వేరు. హిందుస్థాన్ నేషనల్ గ్లాస్‌ను కొనడానికి బ్యాంకుల కమిటీ 2022 అక్టోబర్‌లో ఈ కంపెనీనే ఎంచుకుంది. పోటీ సంస్థలు కలిసిపోతున్నాయి కాబట్టి కాంపిటీషన్ కమిషన్ అనుమతి కావాలి. అది 2023 మార్చిలో వచ్చింది. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు 2-1 మెజారిటీతో ఆ ప్లాన్‌ను పక్కనపెట్టింది. కారణం? అనుమతి కమిటీ ఓటింగ్‌కు ముందే ఉండాలని చట్టంలో రాసి ఉంది, ఇక్కడ తర్వాత వచ్చింది. అనుమతి రాక కాదు, ఆలస్యంగా వచ్చినందుకు!

గడియారం అందరికీ ఉంది, ఒక్కచోట తప్ప

అసలు చిక్కు ఇక్కడుంది. దివాలా చట్టంలో ప్రతి ఒక్కరికీ గడువుంది. ఎన్‌సీఎల్‌టీ ఆదేశం మీద 30 రోజుల్లో అప్పీల్ చేయాలి. అప్పీలేట్ ట్రిబ్యునల్ మీద సుప్రీంకు 45 రోజుల్లో వెళ్లాలి. కానీ వెళ్లాక ఎప్పటిలోగా తేలాలన్నది ఎక్కడా లేదు. భూషణ్ అప్పీళ్లు 2020లో చేరాయి, మొదటి తీర్పు 2025లో వచ్చింది. ఈ ఐదేళ్లలో కంపెనీ చేతులు మారింది, ఉత్పత్తి సామర్థ్యం పెరిగింది. అప్పీల్ ఏడాదిలో తేలి ఉంటే జేఎస్‌డబ్ల్యూ డబ్బు కట్టకముందే విషయం తెలిసేది. ఇంత రాద్ధాంతం ఉండేదే కాదు.

దీని ప్రభావం తర్వాతి కేసుల మీద పడుతుంది. రేపు ఇంకో మునిగిన కంపెనీ కొనడానికి వచ్చేవాళ్లు, కట్టిన డబ్బు ఐదేళ్ల తర్వాత చిక్కుల్లో పడుతుందేమోనని ముందే లెక్కేసుకుంటారు. ఆ భయం మేర ధర తగ్గించి అడుగుతారు. వందకు 41 వచ్చే చోట 35 రావచ్చు. ఆ తేడా భరించేది బ్యాంకులు, వాళ్ల వెనక వరుసలో నిలబడ్డ చిన్న సరఫరాదారులు.

2025 ఆగస్టులో కేంద్రం లోక్‌సభలో దివాలా చట్ట సవరణ బిల్లు పెట్టింది. దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపారు. కేసు అడ్మిట్ చేయడానికి ఎన్‌సీఎల్‌టీకి ముందునుంచే ఉన్న 14 రోజుల గడువును కఠినం చేస్తూ, ప్లాన్ ఆమోదానికి 30 రోజుల కొత్త గడువు ప్రతిపాదించారు. ట్రిబ్యునళ్లలో ఖాళీలు భర్తీ చేయకుండా ఈ గడువులు ఎంతవరకు నిలబడతాయో చూడాలి. సుప్రీంకోర్టుకు గడువు పెట్టే సాహసం ఎవరూ చేయరు. దివాలా అప్పీళ్లు ముందు వినేందుకు ప్రత్యేక ధర్మాసనం వేయాలన్నా, తేలే వరకు ప్లాన్ అమలుపై స్టే ఇవ్వాలా వద్దా అన్నది మొదటి రోజే తేల్చాలన్నా.. అది కోర్టు తనంతట తాను చేసుకోవాల్సిందే.