తెరమీది అక్షరానికి విరామం

ఒకనాడు కళాశాలల్లో ప్రకటనలన్నీ నోటీసు బోర్డు మీదనే ఉండేవి. అతికించిన కాగితం అతికించినట్లే ఉండేది. చదువరి తన తీరికను బట్టి చదువుకొనేవాడు. నేడు ఆ ప్రకటనలే వెబ్ పేజీల కెక్కి, ఒకటి మెరిసి మాయం కాగానే మరొకటి జారివస్తున్నవి. ఉపకార వేతనపు గడువు తేదీ కనురెప్పపాటులో కనుమరుగైతే నష్టపోయేది విద్యార్థియే. కనుక తెరమీది కదలికల నడుమ ఉండవలసిన విరామాన్ని గూర్చి మా అభిప్రాయాన్ని విద్యార్థులకు, కళాశాల కమిటీకి మనవి చేస్తున్నాము.

వెబ్ పేజీకి చలనాన్నిచ్చే భాష జావాస్క్రిప్ట్. ఒక కదలిక ముగిసేవరకు తరువాతి ఆజ్ఞ వేచి ఉంటుందని కొత్తగా నేర్చుకొనేవారు తలుస్తారు. అది పొరపాటు. ‘సెట్ టైమౌట్’ అనే ఆజ్ఞ, ఇంతసేపటికి ఈ పని చేయవలెనని చెప్పి పెట్టడమే గాని, తక్కిన పనిని ఆపదు. అందుచేత నాలుగు కదలికలు వరుసగా రావలెనంటే ఒకదానిలో ఒకటి ఇమిడ్చి రాయవలసి వచ్చేది. జేక్వెరీ అనే లైబ్రరీ కదలికలను ఒక వరుసలో నిలబెట్టి ఆ శ్రమను తగ్గించింది. 2010 జనవరిలో వెలువడిన దాని 1.4 కూర్పులో ‘డిలే’ అనే ఆజ్ఞ చేరింది. ప్రకటన కనిపించే కదలికకు, మాయమయ్యే కదలికకు నడుమ డిలే 3000 అని రాస్తే, 3000 మిల్లీసెకన్లు, అనగా 3 సెకన్లు, ప్రకటన కదలక నిలుస్తుంది.

అయితే ఈ ఆజ్ఞ వరుసలో చేరిన పనులను మాత్రమే ఆపగలదు. అక్షరాలను మార్చే ఆజ్ఞ ఆ వరుసలోనిది కాదు. దానిని డిలే తరువాత రాసినప్పటికీ వెంటనే నడిచిపోతుంది. పాత ప్రకటన ఇంకా తెరపై ఉండగానే అక్షరాలు మారిపోతవి. దానిని ‘క్యూ’ ఆజ్ఞతో వరుసలో చేర్చి, పని ముగియగానే తరువాతి దానిని పిలవాలి. పిలవడం మరచితే గొలుసు అక్కడే తెగుతుంది. నేడు సరళమైన కదలికలకు స్క్రిప్టు అవసరం కూడా లేదు. సీఎస్ఎస్ లోనే యానిమేషన్ డిలే గలదు.

ఆజ్ఞ నేర్వడం సులభమే. ఎన్ని సెకన్లు ఆపవలెననునదే అసలు ప్రశ్న. పేజీని తయారు చేసినవానికి ఆ ప్రకటన కంఠస్థం. అతనికి 3 సెకన్లే ఎక్కువనిపిస్తుంది. మొదటిసారి చూచే విద్యార్థికి, పక్కన కూర్చొని కూడబలుక్కొని చదివే తండ్రికి అది చాలదు. ముషాయిరాలో కవి మొదటి పాదాన్ని మళ్ళీ చదివి, శ్రోతల మనస్సుకు అది అందిన తరువాతనే రెండవ పాదాన్ని అందిస్తాడు. ఆ మర్యాద తెరమీద కూడా ఉండాలి. ప్రకటనను తెలుగులోను, ఉర్దూలోను నెమ్మదిగా పైకి చదివి, పట్టిన కాలాన్ని గడియారంతో కొలిచి, ఎక్కువ పట్టిన భాషనే ప్రమాణంగా తీసుకోవాలని మా అభిప్రాయం.

మరొక సంగతి. తెలుగు వాక్యం కుడి అంచు నుండి ఎడమకు జారితే దాని మొదటి మాట ముందుగా కనిపిస్తుంది. కుడి నుండి ఎడమకు చదివే ఉర్దూ వాక్యాన్ని కూడా అటే నడిపితే చివరి మాట ముందు వస్తుంది. ఉర్దూ ప్రకటన ఎడమ అంచు నుండి కుడికి నడవాలి. ఈ మాత్రపు శ్రద్ధ లేకపోతే రెండు భాషలకు సమాన స్థానమన్నది మాటకే మిగులుతుంది.

అన్నిటికంటె మేలైనది చదువరి చేతికే పగ్గమివ్వడం. తనంతట తానే మొదలై, ఇతర విషయాల పక్కన 5 సెకన్లకు మించి కదిలే దేనినైనా ఆపుకొనే వీలుండాలని వెబ్ సౌలభ్య మార్గదర్శకాల 2008 నాటి కూర్పే నిర్దేశించింది. జేక్వెరీ డిలే ఒకసారి మొదలైతే దానిని రద్దు చేసే మార్గం అందులో లేదు. సెట్ టైమౌట్‌ను ‘క్లియర్ టైమౌట్’ తో రద్దు చేయవచ్చును. కనుక ఆపే మీట పెట్టదలచినచోట రెండవదే తగినది.

కంప్యూటర్ విద్యార్థులు ఈ పనిని అభ్యాసంగా చేపట్టాలని, గడువు తేదీలున్న ప్రకటనలను మాత్రం ఏ కదలికా లేకుండా పేజీలో స్థిరంగా ఉంచేటట్లు కమిటీ నిర్ణయించాలని కోరుతున్నాము. అలంకారం కదలవచ్చును; విద్యార్థి భవిష్యత్తుకు సంబంధించిన అక్షరం నిలిచి ఉండాలి.