ఎం 42 అంటే వెర్షన్ నంబరు కాదు బాబూ!

మొన్నామధ్య ఒక మిత్రుడితో పెద్ద వాదన అయింది. దేని గురించో చెబితే నవ్వుతారు, ఒక పాత కోటు గురించి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం ఎండ దేశాల కోసం కుట్టించిన నూలు కోటు. మావాడికి పాత మిలిటరీ సామాను సేకరించే పిచ్చి. ఫోటో పంపించి, "లోపల ఎం 42 అని ముద్ర ఉంది చూడు. 1942 మోడల్. ఆఫ్రికాలో రోమెల్ సైనికుడు వేసుకున్నది" అన్నాడు. అమ్మినవాడూ అదే చెప్పాడట.

నాకు ఒళ్ళు మండింది. కోడ్ రివ్యూలో ఇలాంటి లాజిక్ కనిపిస్తే ఊరుకుంటామా?

ఆ ఎం మోడల్ కాదు, మ్యూనిక్. సైన్యం బట్టల డిపోలకు ఒక్కో అక్షరం ఉండేది. ఎర్ఫుర్ట్ అయితే ఇ, హనోవర్ అయితే హెచ్. పక్కన ఉన్నది ఏడాది. అంటే 1942లో మ్యూనిక్ డిపో ముద్ర పడిన కోటు, అంతే. బిల్డ్ ఏ సర్వర్‌లో ఎప్పుడయిందో చెప్పే ట్యాగును పట్టుకుని ప్రొడక్టు వెర్షన్ అంటే ఎలా? దీనికి తోడు సేకర్తలు తమ సౌకర్యం కోసం ఎం 40, ఎం 41, ఎం 43 అని పేర్లు పెట్టుకున్నారు. మొదటి రకం కోటునే ఒకరు ఎం 40 అంటారు, ఇంకొకరు ఎం 41 అంటారు. మనవాడు ఈ పేర్లనీ, ఆ ముద్రనీ కలిపి ఒకే కాలమ్‌లో పోశాడు.

చూడాల్సింది కోత. 1940లో వచ్చిన మొదటి రకానికి నాలుగు జేబులు, ప్రతి జేబుకీ మధ్యలో మడత, మూతల అంచులు వంపులు తిరిగి ఉంటాయి. తర్వాత మడత పోయింది. ఆ తర్వాత మూతల వంపు కూడా పోయి తిన్నగా అయింది. కారణం పెద్ద ఫ్యాషనేమీ కాదు, యుద్ధం ముదిరేకొద్దీ గుడ్డా, కుట్టుపనీ ఆదా చెయ్యాల్సి వచ్చింది. అయితే కొత్తది రాగానే పాతది ఆగిపోలేదు. స్టాకులో ఉన్నది ఇస్తూనే పోయారు. అంటే ఒకే ప్లటూనులో రెండు మూడు రకాలూ నడుస్తుండేవి. కటోవర్ డేటు వెతికేవాళ్ళు ప్రొడక్షన్ ఎప్పుడూ చూడనట్టే.

రంగును బట్టి తేల్చేవాళ్ళు ఇంకో రకం. ఇసుక రంగులో ఉంటే వైమానిక దళం, ఆకుపచ్చైతే సైన్యం అంటారు. కొత్తలో ఇది నిజమే. కానీ సైన్యం కోటు ఆలివ్ రంగు ఎండకీ, ఉతుకులకీ వెలిసిపోయి గడ్డి రంగులోకి దిగుతుంది. కొంతమంది సైనికులు కొత్తవాళ్ళలా కనిపించకూడదని కావాలనే వెలిసేలా చేసుకునేవారు కూడా (మన జీన్స్ గుర్తొచ్చాయా?). జేబు మూత ఎత్తి చూడండి, కాలరు కింద చూడండి. అసలు రంగు అక్కడ దాక్కుని ఉంటుంది. బయటా లోపలా ఒకే రకంగా వెలిసి ఉంటే అనుమానించాలి. అల్ట్రావయొలెట్ దీపం కింద దారం మెరిస్తే యుద్ధం తర్వాతి దారం కావచ్చు, కానీ కొడుకో మనవడో ఆధునిక డిటర్జెంటుతో ఉతికినా గుడ్డ మెరుస్తుంది. ఒక్క టెస్ట్ కేసు పాసైందనో ఫెయిలైందనో రిలీజ్ చెయ్యం కదా.

ఇక ఆఫ్రికా. ట్యునీషియాలో యాక్సిస్ సేనలు లొంగిపోయింది 1943 మే 13న. ఆ తర్వాత కూడా ఈ కోట్లు సిసిలీలో, ఇటలీలో, గ్రీసులో, దక్షిణ రష్యాలో వేసుకున్నారు. 44 ముద్ర ఉన్న కోటును ఆఫ్రికాది అని అమ్మేవాడిని ఏమనాలి? 42 ముద్ర ఉన్నది ఆఫ్రికా చూసి ఉండొచ్చు, చూడకపోనూవచ్చు. ముద్ర ఆ సంగతి చెప్పదు.

దీనికి సాక్ష్యం మనవాళ్ళే. సుభాష్ చంద్ర బోసు జర్మనీలో ఏర్పాటు చేసిన ఇండియన్ లీజియన్‌లో, అంటే 950వ పదాతి రెజిమెంటులో, దాదాపు 3,000 మంది. చాలామంది ఉత్తర ఆఫ్రికాలో బ్రిటిష్ సైన్యం తరఫున పోరాడుతూ పట్టుబడ్డవాళ్ళు. జర్మనీలో ఇంజనీరింగ్ చదువుతున్న హైదరాబాదీ ఆబిద్ హసన్ బోసు వెంట ఉన్నాడు. ఈ లీజియన్ సైనికులకూ ఎండల కోటే ఇచ్చారు, చేతి మీద మూడు రంగుల్లో దూకుతున్న పులి బొమ్మ. అది వేసుకుని వాళ్ళు 1943లో కాపలా కాసింది ఎక్కడ? హాలెండులో, ఫ్రాన్సు అట్లాంటిక్ తీరంలో! ఆఫ్రికాలో ఉన్నప్పుడు వాళ్ళ ఒంటి మీద బ్రిటిష్ ఖాకీ, జర్మన్ కోటు తొడిగింది ఐరోపాలో. మావాడి రూలు ప్రకారం వీళ్ళు కూడా రోమెల్ ఆఫ్రికా సైనికులే అయిపోతారు.

"అయితే ఏంటిరా, పాత గుడ్డ, ఎవడికి నష్టం?" అన్నాడు. నష్టం ఉంది. ఆఫ్రికా అంటే ధర పెరుగుతుంది కాబట్టి, కోటు మీద ఉన్న అసలు గుర్తులు విప్పేసి రాగి గోధుమ గుడ్డ మీద నేసిన గద్దను కొత్తగా కుడతారు. చేతి మీద పులి కుట్టు జాడ ఉంటే అది కూడా పోతుంది. మీరట్ నుంచో గుంటూరు నుంచో వెళ్ళి ఖైదీగా దొరికి కోటు మార్చుకున్నవాడి ఆనవాలు అదొక్కటే అయినప్పుడు? ఒరిజినల్ డేటా ఓవర్‌రైట్ చేశాక బ్యాకప్ ఎక్కడిది?

మావాడు డబ్బు కట్టేశాడట. జేబు మూత ఎత్తి లోపలి ఫోటో పంపమన్నాను. వారమైంది, ఇంకా పంపలేదు.