గుంటనక్క చేసిన పాపమేమిటి?

"మా ఆడపడుచు వట్టి గుంటనక్కండీ వదినగారూ!" అంది మొన్న పక్కింటావిడ. అలవాటుగా "ఊఁ" కొట్టాను. ఊఁ కొట్టడమేమిటి, నా నవలల్లో కాపురాలకి చిచ్చుపెట్టే మేనత్తలందరిచేతా ఆ తిట్టు తినిపించినదాన్ని నేను! ఇన్నేళ్ళూ ఓ అమాయకప్రాణి మీద చాడీలు చెప్పానని ఈమధ్యే తెలిసొచ్చింది.

అసలది చేసిన పాపమేమిటి? పంచతంత్రంలో జిత్తులు పన్నిన కరటక దమనకులు గుంటనక్కలు కావు. ఊరి చివర రాత్రిళ్ళు ఊళలు పెడుతుందే, ఆ పెద్దనక్కలు. ద్రాక్షపళ్ళు అందక పుల్లన అన్నది ఈసపు కథలోది, అది యూరపు ఎర్రనక్క. మన గుంటనక్క జాతే వేరు. భారత ఉపఖండంలో తప్ప లోకంలో మరెక్కడా పుట్టదు. బరువు రెండు మూడు కిలోలు. బాగా తిన్న పెంపుడు పిల్లంత! తోక చివర మాత్రం కాటుక అద్దినట్టు నల్లగా ఉంటుంది. ఎవరో చేసిన నేరానికి పేరు కలిసిన పాపానికి ఇది శిక్ష అనుభవిస్తోంది.

దాని కాపురం చూడండి. ఆడా మగా జంటగా ఉంటాయి. తప్పించుకోడానికి వీలుగా నాలుగైదు దారులున్న బొరియ తవ్వుకుంటాయి. పిల్లలు పుడితే తల్లితోపాటు తండ్రీ తిండి తెచ్చిపెడతాడు, కాపలా కాస్తాడు. (ఈ ఒక్కమాటకే మనలో చాలామంది దానికి దండం పెట్టాలి!) తినేది ఎలుకలు, మిడతలు, చెదపురుగులు, రేగుపళ్ళు. రైతుకి జీతమడగని పాలేరన్నమాట.

మనమేం చేస్తున్నాం? అదృష్టం కలిసొస్తుందని 'నక్కకొమ్ము' కొని పూజగదిలో పెట్టుకుంటాం. నక్కకి కొమ్మేమిటండీ, మన చదువులు తగలెయ్య! కొనేవాళ్ళుంటే చంపేవాళ్ళూ ఉంటారు. 1972 వన్యప్రాణి చట్టం అది నేరమంటోంది.

అంతకన్నా పెద్ద ద్రోహం మరొకటుంది. గుంటనక్కకి కీకారణ్యం అక్కర్లేదు. గడ్డీ, నాలుగు తుప్పలూ ఉన్న బయలు చాలు. ఆ బయలుకి మనం కాగితాల మీద పెట్టిన పేరు 'బంజరు'! ఇప్పటి నంద్యాల జిల్లా రోళ్ళపాడులో బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం పెడితే, ఆ పచ్చికలో గుంటనక్కకీ ఇంత చోటు దొరికింది. మిగతా బయళ్ళకి దిక్కెవరు?

కిందటి నెల మావారు నా పేరున స్థలం కొంటానని ఓ బయలుకి తీసుకెళ్ళారు. అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. "ఇక్కడేమీ లేదమ్మా, వట్టి బంజరు" అన్నాడు అమ్మేవాడు.

"మరి ఈ కన్నాలేమిటి?"

"గుంటనక్క బొరియలమ్మా. పొక్లెయిను పెట్టి పూడ్చేస్తాం."

ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను. రిజిస్ట్రేషన్ నాడు సంతకం పెట్టనన్నాను.

"నువ్వు కాకపోతే మరొకరు కొంటారు. నక్కకేం ఒరిగింది?" అన్నారు మావారు.

ఏమీ ఒరక్కపోవచ్చు. కానీ ఒక కాపురాన్ని పూడ్చి దానిమీద పాలు పొంగించుకోవడం నావల్ల కాదు. మనలో పదిమంది కాదంటే ఆ 'బంజరు' అన్న మాటైనా మారదా?

అడ్వాన్సు పోయింది. మావారి అలక ఇంకా తీరలేదు. పక్కింటావిడ ఆడపడుచుని తిట్టడం మానలేదు. తిట్టుకోనివ్వండి, నేను మాత్రం ఇక ఊఁ కొట్టను.