ఆకుమందుకూ మోతాదు ఉంది

మలబద్ధకానికి వేసుకునే మూలికా చూర్ణాన్ని చాలామంది మందుల లెక్కలో వేయరు. ఆకే కదా, ఏమవుతుందన్న ధీమా. కానీ అలాంటి అనేక చూర్ణాల్లో కలిపే సునాముఖి, అంటే నేలతంగేడు, అచ్చమైన మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోనూ దానికి చోటుంది. అందులోని సెన్నోసైడ్లను పెద్దపేగులోని సూక్ష్మజీవులు విడగొట్టాకే పేగు కదలికలు పెరుగుతాయి. అందుకు 6 నుంచి 12 గంటలు పడుతుంది. ఈ సంగతి తెలియక, రెండు గంటల్లో గుణం కనిపించలేదని మరో చెంచా వేసుకుంటే మర్నాడు కడుపునొప్పి, నీళ్ల విరేచనాలు తప్పవు.

విశాఖలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఉక్కు కర్మాగారంలో కొలుముల దగ్గర, రేవులో ఎండకు పనిచేసేవాళ్ల ఒంట్లోంచి నీరూ లవణాలూ చెమటగా పోతూనే ఉంటాయి. తాగే నీరు చాలకపోతే మలం గట్టిపడుతుంది. దానికి రోజూ సునాముఖి వేసుకుంటే మిగిలిన నీరూ పొటాషియమూ కూడా పోతాయి. బీపీకి నీరు తీసే మాత్రలో, గుండెకు డిగాక్సినో వాడేవారికి ఇది ప్రమాదం. అందుకే ముందు నీళ్లు, ఆకుకూరలు, పండ్లు. ఆ తర్వాత ఇసబ్‌గోల్, అదీ పెద్ద గ్లాసుడు నీళ్లతో. నీళ్లు తక్కువైతే అది ఉబ్బి గొంతులోనే అడ్డుపడొచ్చు. అప్పటికీ తీరకపోతే సునాముఖి, డబ్బా మీద రాసిన కనీస మోతాదులో, వారం మించకుండా. రాత్రి డ్యూటీ దిగి పొద్దున 8 గంటలకు వేసుకుంటే మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8 మధ్య పనిచేస్తుంది. మళ్లీ డ్యూటీ ఎక్కేలోపు అయిపోతుంది.

తాతల నాటి నుంచి వాడుతున్నాం కదా అంటారు. నిజమే, కానీ ఆయుర్వేదం కూడా విరేచనం ఎవరికి ఇవ్వకూడదో చెప్పే ఇచ్చింది. ఇలాంటి విరేచన మందులతో పేగు శాశ్వతంగా చచ్చుబడిపోతుందన్న భయానికీ గట్టి ఆధారం లేదు. అసలు ముప్పు, లోపలి జబ్బు మరుగున పడిపోవడం. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి ఉంటే ఏ విరేచన మందూ వేసుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గర్భిణులు, చిన్నపిల్లల విషయంలోనూ సొంత వైద్యం వద్దు.

నీళ్లు తాగడానికీ, మరుగుదొడ్డికి వెళ్లడానికీ పనిలో తీరిక ఎక్కడిదన్నది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సింది యాజమాన్యాలే. పనిచోటికి దగ్గర్లో చల్లని నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్లు, వెళ్లిరావడానికి విరామం కల్పించాలి. చూర్ణం తయారుచేసేవాళ్లు అందులో సునాముఖి ఎంత ఉందో, ఎన్నాళ్లకు మించి వాడకూడదో డబ్బా మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో అచ్చువేయాలి.