ఎల్‌డీఎల్ సరే, మిగతా కొలెస్ట్రాల్ మాటేమిటి?

బెంగళూరులో కుందలహళ్ళి మెట్రో స్టేషన్ నుంచి వైట్‌ఫీల్డ్ వైపు వెళ్తే రెండో స్టేషన్ పేరే శ్రీ సత్యసాయి హాస్పిటల్. ఆ ఆసుపత్రిలో 2001 నుంచి గుండె జబ్బులకు ఉచితంగా వైద్యం చేస్తున్నారు. నగరంలోని జయదేవ ఆసుపత్రి 40 ఏళ్లు దాటకుండానే గుండెజబ్బు బారినపడిన వారి వివరాలను 2017 నుంచి ప్రత్యేకంగా నమోదు చేస్తోంది. అయినా ఈ చుట్టుపక్కల ఉండే మన ఐటీ కుర్రాళ్లు కంపెనీ హెల్త్ చెకప్ రిపోర్టులో చూసుకునేది ఎల్‌డీఎల్ ఒక్కటే. ట్రైగ్లిజరైడ్లు 275 ఉంటే, రాత్రి తిన్న బిరియానీ మీదకు నెట్టేస్తారు. కానీ డెన్మార్క్ అధ్యయనాల ప్రకారం మామూలు భోజనం వల్ల అవి పెరిగేది సగటున 26 పాయింట్లే.

తిన్న కొవ్వును పేగులు, ఒంట్లో తయారైన కొవ్వును కాలేయం రేణువులుగా కట్టి రక్తంలోకి పంపుతాయి. దారిలో కండరాలు ట్రైగ్లిజరైడ్లను లాగేసుకుంటాయి. కొలెస్ట్రాల్ మాత్రం చిక్కిపోయిన ఆ రేణువులోనే ఉండిపోతుంది. ఈ శేష రేణువులను కాలేయం త్వరగా ఏరివేయాలి. షుగరు, పొట్ట ఉన్నవారిలో ఆ పని మందగిస్తుంది. అప్పుడవి ధమని గోడలో దూరి పూడిక పెంచుతాయి. తిన్న తర్వాతి గంటల్లోనే ఈ నష్టం జరుగుతుందని డొనాల్డ్ జిల్వర్‌స్మిట్ అనే శాస్త్రవేత్త 1979లోనే వాదించారు.

మరి ట్రైగ్లిజరైడ్లు తగ్గించే మాత్ర వేసుకుంటే చాలదా? చాలదని 2022లో తేలింది. పది వేల మందికి పైగా షుగరు రోగులపై పెమాఫైబ్రేట్ అనే అలాంటి మాత్రను పరీక్షిస్తే ట్రైగ్లిజరైడ్లు పావు వంతు తగ్గాయి, గుండెపోట్లు తగ్గలేదు. రేణువుల్లోని కొవ్వు తగ్గింది కానీ కొలెస్ట్రాల్ మోసే రేణువుల సంఖ్య తగ్గలేదు, పైగా కాస్త పెరిగింది. ముప్పు ఆ సంఖ్యలోనే ఉందని నా అభిప్రాయం.

దాన్ని అంచనా వేయడానికి కొత్త పరీక్షేమీ అక్కర్లేదు. మొత్తం కొలెస్ట్రాల్ 190, హెచ్‌డీఎల్ 35, ఎల్‌డీఎల్ 100 అనుకోండి. లెక్కకు రాని 55 శేష రేణువులది. ఎల్‌డీఎల్‌తో కలిపితే నాన్-హెచ్‌డీఎల్ 155. భారత హృద్రోగ నిపుణుల సంఘం 2024 మార్గదర్శకాల్లో ముప్పు తక్కువున్నవారికి కూడా అది 130 లోపే ఉండాలంది, ముప్పు బాగా ఎక్కువున్నవారికి 85 లోపు. పరగడుపున రక్తం ఇవ్వాలన్న పట్టింపునూ సడలించింది. నాన్-హెచ్‌డీఎల్ చూసుకోవడం మనకు మరీ అవసరం: నాలుగు ప్రాంతాల్లో చేసిన ఐసీఎంఆర్ సర్వేలో ఎల్‌డీఎల్ ఎక్కువున్నవారు 11.8 శాతం, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవారు 29.5 శాతం.

బీరువాలో పడున్న రిపోర్టు తీసి, మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయండి. 130 దాటితే, ఎల్‌డీఎల్ ఎంతున్నా సరే, డాక్టరుకు చూపించండి.